డిక్కీలో ఆ చివరి బోల్ట్

కారులో ఆంప్లిఫయర్ పెట్టించుకునేవాళ్లు షాపులో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎన్ని వాట్లు? సబ్ వూఫర్ 10 అంగుళాలదా, 12 అంగుళాలదా? వారంటీ ఎన్నేళ్లు? కాస్త తెలిసినవాళ్లయితే ప్లస్ వైరు గురించి కూడా అడుగుతారు. అది ఎర్రగా, లావుగా, బానెట్ దగ్గర మొదలై డిక్కీ దాకా వస్తుంది కాబట్టి కంటికి కనిపిస్తుంది. నల్ల వైరు గురించి మాత్రం ఎవరూ అడగరు. అది జానెడో బారెడో ఉంటుంది. కార్పెట్ కింద దొరికిన బోల్ట్‌కి తగిలించి, పైన కార్పెట్ కప్పేసి, "బాడీ ఎర్త్ ఇచ్చేశాం సార్" అంటారు. మనం డబ్బులిచ్చి పాట పెట్టుకుని వచ్చేస్తాం.

ఆ తర్వాత నెలకో రెండు నెలలకో మొదలవుతాయి ఫిర్యాదులు. యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో కుయ్‌మని కూత. సౌండ్ పెంచగానే ఆంప్ ఆగిపోవడం, కాసేపటికి మళ్లీ దానంతటదే రావడం. ఆంప్ ముట్టుకుంటే చెయ్యి కాలడం. వీటికి కారణాలు రకరకాలుగా ఉండొచ్చు గానీ, చాలాసార్లు మొదట చూడాల్సింది ఆ నల్ల వైరునే. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

పేరులోనే తికమక

మనవాళ్లు దీన్ని 'ఎర్త్' అంటారు. ఆ మాట ఇంటి కరెంటు నుంచి వచ్చింది. ఇంట్లో ఎర్త్ అంటే ఏంటో మనకు తెలుసు: పెరట్లో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ వేసి, పైపు దింపి, అక్కడి నుంచి త్రీ పిన్ ప్లగ్గులోని పెద్ద పిన్నుకి వైరు లాగుతారు. మామూలు రోజుల్లో ఆ వైరులో కరెంటు ప్రవహించదు. గీజర్‌లోనో ఫ్రిజ్‌లోనో లీకేజీ వచ్చిన రోజు మనల్ని కాపాడటానికి అది ఉంటుంది. అందుకే ఎర్త్ ఊడిపోయినా ఫ్యాన్ తిరుగుతుంది, టీవీ వస్తుంది, ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

కారు సంగతి వేరు. నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడ్డ బండికి భూమితో పనేం లేదు. బ్యాటరీ మైనస్‌ని కారు ఇనుప బాడీకి బిగిస్తారు. ప్రతి బల్బుకీ, హారన్‌కీ, మోటారుకీ బ్యాటరీ నుంచి రెండేసి వైర్లు లాగకుండా, ప్లస్ మాత్రం వైరుతో ఇచ్చి, మైనస్‌కి ఆ బాడీనే వాడుకుంటారు. అంటే కారులో 'ఎర్త్' అనేది కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి. ఎర్ర వైరులో ఎన్ని ఆంపియర్లు వెళ్తాయో, నల్ల వైరులో అన్నీ తిరిగి రావాలి. బీటెక్ మొదటి సంవత్సరంలో కిర్కాఫ్ పేరుతో చదువుకునేది ఇదే.

ఇంటి ఎర్త్ అలవాటుతో చూసేవాడికి కారు ఎర్త్ ఏదో జాగ్రత్త కోసం పెట్టిన అదనపు వైరులా కనిపిస్తుంది. నిజానికి అది సర్క్యూట్‌లో సగం.

'12 వోల్టులే కదా' అనేవాళ్లకి ఒక లెక్క

500 వాట్ల ఆర్‌ఎంఎస్ ఉన్న క్లాస్ డి ఆంప్ తీసుకుందాం. దాని సామర్థ్యం 80 శాతం అనుకుంటే, స్పీకర్లకు 500 వాట్లు ఇవ్వడానికి బ్యాటరీ వైపు నుంచి 625 వాట్లు లాగాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ 13.8 అనుకోండి. భాగిస్తే దాదాపు 45 ఆంపియర్లు. మన ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ లాగేది 7, 8 ఆంపియర్లే. పాత రకం క్లాస్ ఏబీ ఆంప్ అయితే సామర్థ్యం ఇంకా తక్కువ కాబట్టి అదే సౌండుకి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి.

ఇప్పుడు ఆ నల్ల వైరు బిగించిన చోట పెయింట్ సరిగ్గా గీకలేదు, జాయింట్‌లో 10 మిల్లీ ఓమ్‌ల అడ్డు ఉంది అనుకుందాం. అంటే ఒక ఓమ్‌లో నూరో వంతు. 45 ఆంపియర్లు అందులోంచి వెళ్తే 0.45 వోల్టులు అక్కడే పోతాయి. 20 వాట్ల వేడి ఆ ఒక్క బోల్ట్ దగ్గర పుడుతుంది. రేడియో రిపేరు షాపుల్లో వాడే చిన్న సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. పాటలో బాస్ ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు కాబట్టి సగటున వేడి తక్కువే ఉంటుంది, నిజమే. కానీ వదులు జాయింట్ ఉన్నచోటే ఉండదు. వేడెక్కుతుంది, చల్లబడుతుంది, తుప్పు పడుతుంది, అడ్డు పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. దాని పక్కనే ఉండేది కార్పెట్, ఫోమ్, ప్లాస్టిక్.

12 వోల్టులు షాక్ కొట్టవు, ఆ మాట నిజమే. వైరు కాలడానికి మాత్రం షాక్ కొట్టే వోల్టేజీ అక్కర్లేదు, కరెంటు చాలు.

ఆ కూత ఎక్కడిది?

స్టీరియోకి మైనస్ ముందు డ్యాష్‌బోర్డ్ వెనక ఇస్తారు. ఆంప్‌కి మైనస్ వెనక డిక్కీలో ఇస్తారు. రెండూ ఒకే బాడీ కాబట్టి రెండు చోట్లా 'సున్నా' ఒకటే అయి ఉండాలి. ఆంప్ ఎర్త్ చెడితే, ఆంప్ దృష్టిలోని సున్నా పైకి లేస్తుంది. ఈ రెండు సున్నాల్నీ కలుపుతూ ఇంకో దారి ఉంది: పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్. తేడా ఉన్న వోల్టేజీ ఆ కేబుల్ పై అల్లిక గుండా కరెంటును తోస్తుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

ఆల్టర్నేటర్ లోపల పుట్టేది ఏసీ కరెంటు. డయోడ్లు దాన్ని డీసీగా మార్చినా కొంచెం అల మిగులుతుంది. ఇంజిన్ వేగం పెరిగితే ఆ అల వేగం కూడా పెరుగుతుంది. అది ఆర్‌సీఏ దారిన సిగ్నల్‌లో కలిస్తే, మీరు యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ కూత సన్నగా పైకి వెళ్తుంది. అందుకే ఆ శబ్దం వింటే చాలు, ఎర్త్ మీద అనుమానం రావాలి.

ఎర్త్ పూర్తిగా ఊడిపోతే కథ ఇంకా ముదురుతుంది. కొన్ని సెటప్పుల్లో ఆంప్ కరెంటు ఆ సన్నటి ఆర్‌సీఏ గుండానే వెనక్కి వెళ్లాలని చూస్తుంది. అప్పుడు కేబుల్‌తో పాటు స్టీరియో లోపల బోర్డు కూడా కాలే అవకాశం ఉంది. 10 రూపాయల బోల్ట్ వదులైతే బిల్లు స్టీరియోకి పడుతుంది.

అన్నయ్య కారు

మా పెదనాన్నగారి అబ్బాయి గుంటూరులో ట్రావెల్స్‌కి కారు తిప్పుతాడు. పెళ్లిళ్లు, శ్రీశైలం, తిరుపతి ట్రిప్పులు. సౌండ్ బాగుందని పిలిచే పార్టీలు కొన్ని ఉన్నాయి కాబట్టి అది ఆయనకు సరదా ఖర్చు కాదు. కూత మొదలయ్యాక ఆంప్ పెట్టిన షాపుకే వెళ్లాడు. మొదట నాయిస్ ఫిల్టర్ అమ్మారు. తగ్గలేదు. ఆర్‌సీఏ కేబుల్ మార్చారు. కొంచెం తగ్గి మళ్లీ వచ్చింది. మూడోసారి వెళ్తే స్టీరియోనే మార్చాలన్నారు. ఆ ముక్క చెప్పడానికి నాకు ఫోన్ చేశాడు.

పండక్కి వెళ్లినప్పుడు డిక్కీ కార్పెట్ ఎత్తి చూశాం. వెనక సీటు బెల్ట్ బోల్ట్‌ని కొంచెం వదులు చేసి, వైరు ఒలిచి దాని చుట్టూ మెలిపెట్టి, మళ్లీ బిగించేశారు. లగ్ లేదు. కింద పెయింట్ పెయింట్ లాగే ఉంది. బాస్ పాట పెట్టి మీటర్ తగిలిస్తే 0.8 వోల్టులు చూపించింది.

"ఏరా, ఇంత చిన్న వైరుకా నన్ను మూడుసార్లు తిప్పింది?" అన్నాడు.

"వైరు చిన్నదే అన్నయ్యా. మీ ఆంప్ తాగేదంతా దీంట్లోంచే వెనక్కి పోవాలి."

బెల్ట్ బోల్ట్‌ని దాని మానాన దాన్ని వదిలేసి, టార్క్ చూసి బిగించమని సర్వీస్ సెంటర్‌లో చెప్పాం. వేరే చోట కొత్తగా ఎర్త్ కొట్టాం. లగ్, బోల్ట్, వాషర్లు, ఎమరీ పేపర్ అన్నీ కలిపి 200 రూపాయల లోపే. అదే పాటకి మీటర్ 0.06 చూపించింది. కూత పోయింది.

షాపువాళ్లు మోసం చేశారని నేను అనుకోవడం లేదు. ఆ వైరు బిగించిన కుర్రాడికి నేర్పింది ఒకటే: ఎర్త్ బాగుందో లేదో టెస్ట్ లైటు పెట్టి చూడు, వెలిగితే ఓకే. ఆ చిన్న బల్బు లాగేది అర ఆంపియర్ కూడా ఉండదు. అంత తక్కువ కరెంటుకి 20 మిల్లీ ఓమ్‌ల అడ్డు ఉన్నా పోయేది 10 మిల్లీ వోల్టులే, బల్బు శుభ్రంగా వెలుగుతుంది. అదే జాయింట్‌కి 40 ఆంపియర్లు ఇస్తే 0.8 వోల్టులు పోతాయి. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే బాధ. ఒక్క యూజర్‌తో టెస్ట్ చేసినప్పుడు అంతా బాగుంటుంది, పదివేల మంది ఒకేసారి వచ్చిన రోజు తెలుస్తుంది అసలు సంగతి. లోడ్ లేకుండా చేసిన పరీక్ష పరీక్షే కాదు.

ఎర్త్ కొట్టే పద్ధతి

మొదట బ్యాటరీ మైనస్ విప్పాలి. ప్లస్ ముందు విప్పబోతే, పానా పొరపాటున బాడీకి తగిలిందంటే నేరుగా షార్ట్. పని అయ్యాక మైనస్‌ని చివర్లో పెట్టాలి. కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీసి పెడితే కోడ్ అడుగుతాయి, అది ముందే దగ్గర పెట్టుకోండి.

తర్వాత చోటు. ఆంప్ నుంచి ఒక మూర లోపు ఉండాలి, అంటే దాదాపు 18 అంగుళాలు. కారు అసలు బాడీ ఇనుము, ఫ్లోర్ లాంటిది అయి ఉండాలి. సీటు బెల్ట్ బోల్ట్‌లూ, సీటు బోల్ట్‌లూ వద్దు. యాక్సిడెంట్ అయినప్పుడు మనిషిని పట్టుకోవాల్సినవి అవి. వాటి కింద లగ్‌లూ వైర్లూ దూర్చకూడదు. డిక్కీ డోర్ వద్దు, పల్చటి బ్రాకెట్లు వద్దు. సీఎన్‌జీ సిలిండర్ ఉంటే దాని స్టాండు, క్లాంపుల జోలికి అసలు వెళ్లొద్దు, ఆ దరిదాపుల్లో డ్రిల్ కూడా పెట్టొద్దు.

రంధ్రం వేయాల్సి వస్తే ముందు కారు కిందకి దూరి చూడాలి. చాలా చిన్న కార్లలో పెట్రోల్ ట్యాంకు సరిగ్గా వెనక సీటు కిందే ఉంటుంది. పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు, వైర్ల కట్ట అన్నీ ఆ కిందే పోతుంటాయి. కింద ఏముందో చూడకుండా డ్రిల్ పట్టుకున్నవాడిని ఆపే హక్కు కారు ఓనర్‌గా మీకుంది.

చోటు కుదిరాక 10 రూపాయల నాణెం కంటే కాస్త పెద్దగా పెయింట్ గీకాలి. పెయింట్ కింద ప్రైమర్ ఉంటుంది, అదీ పోవాలి. తళతళలాడే ఇనుము కనిపించాలి.

వైరు మందం ప్లస్ వైరుతో సమానంగా ఉండాలి. 'పొట్టిదే కదా' అని సన్నది వేయకూడదు. ఇక్కడ ఒక తికమక ఉంది. కార్ ఆడియోలో '4 గేజ్' అంటే దాదాపు 21 చదరపు మిల్లీమీటర్ల రాగి. ఎలక్ట్రికల్ షాపులో 'నంబర్ 4 వైరు' అడిగితే ఇచ్చేది 4 చదరపు మిల్లీమీటర్లది, అంటే అందులో ఐదో వంతు. అంకె ఒకటే, వస్తువు వేరు. గేజ్‌లో అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది, చదరపు మిల్లీమీటర్లలో పెరిగేకొద్దీ లావవుతుంది.

ఇంకోటి, చవక కిట్లలో వచ్చే వైరు చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, చేతిలో తేలిగ్గా ఉంటుంది. అల్యూమినియం రాగిలో దాదాపు 60 శాతమే కరెంటును మోయగలదు. అదే వాడాల్సి వస్తే ఒకటి రెండు సైజులు లావుది తీసుకోవాలి.

వైరు చివర రాగి లగ్ పెట్టి క్రింప్ చేయాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కడం, సుత్తితో కొట్టడం క్రింపింగ్ కిందకి రావు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బ్యాటరీ కేబుళ్లు చేసే షాపులుంటాయి, కొలత ఇస్తే హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కి ఇస్తారు. తర్వాత బోల్ట్, నట్టు, స్టార్ వాషర్. లగ్ నేరుగా ఇనుముకి ఆనాలి, రెండింటి మధ్యలో వాషర్ దూర్చకూడదు. పల్చటి రేకులోకి దిగిన స్క్రూ రెండు మూడు మరల మీద నిలబడుతుంది, దాన్ని నమ్మొద్దు.

గట్టిగా బిగించాక, పైనా కిందా పెయింటో, పెట్రోలియం జెల్లీయో పూయాలి. గీకిన ఇనుము గాలికి వదిలేస్తే తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

మైనస్ వైరుకి ఫ్యూజు పెట్టకూడదు. అది పోతే ఎర్త్ ఊడినట్టే, ఇందాక చెప్పుకున్న ఆర్‌సీఏ కథ మొదలవుతుంది. ఫ్యూజు ఉండాల్సింది ప్లస్ వైపు, బ్యాటరీకి మూర దూరం లోపు. రెండు ఆంప్‌లు ఉంటే రెండిటికీ ఎర్త్ ఒకే చోట ఇవ్వండి.

మీరే పరీక్షించుకోండి

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. ఓమ్‌లలో కొలవొద్దు, మీటర్ వైర్లకే మనం వెతికేదాని కంటే ఎక్కువ అడ్డు ఉంటుంది. డీసీ వోల్టుల్లో పెట్టండి. కారుని ఆరుబయట పెట్టి ఇంజిన్ ఆన్ చేయండి, మూసిన గ్యారేజీలో వద్దు. బాస్ బాగా ఉన్న పాట గట్టిగా పెట్టండి. ఎర్ర ప్రోబ్ ఆంప్ మైనస్ టెర్మినల్ మీద, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద. వైరు అందకపోతే ఏదైనా పొడుగు వైరు జతచేసుకోవచ్చు, అందులో కరెంటు పోదు కాబట్టి సన్నదైనా ఫర్వాలేదు.

0.1 వోల్టు లోపుంటే చాలా బాగున్నట్టు. 0.2 దాకా సర్దుకోవచ్చు. అర వోల్టు దగ్గరికి వచ్చిందంటే విప్పి మళ్లీ కొట్టాల్సిందే.

ఎక్కువ చూపిస్తే తప్పు ఎక్కడుందో రెండు ముక్కలు చేసి వెతకండి. మొదట ఆంప్ మైనస్ నుంచి డిక్కీలో గీకిన ఇనుము దాకా, తర్వాత ఆ ఇనుము నుంచి బ్యాటరీ మైనస్ దాకా. మొదటిది ఎక్కువైతే మీ కొత్త జాయింట్ తప్పు. రెండోది ఎక్కువైతే డిక్కీది తప్పు కాదు, బానెట్ కింద బ్యాటరీ మైనస్‌ని బాడీకి కలిపే పట్టీ పాతబడింది. దాంతో పాటు ఇంజిన్‌ని బాడీకి కలిపే పట్టీ కూడా చూడండి. పాత కార్లలో ఇవి మారిస్తే హెడ్‌లైట్లు కూడా కాస్త ప్రకాశంగా వెలగొచ్చు.

కొత్త కార్లు ఉన్నవాళ్లకి రెండు మాటలు. స్టార్ట్-స్టాప్ ఉన్న చాలా కార్లలో బ్యాటరీ మైనస్ మీద కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది. ఆంప్ మైనస్‌ని నేరుగా ఆ బ్యాటరీ పోస్టుకే తగిలిస్తే సెన్సర్ లెక్క తప్పుతుంది, బాడీకే ఇవ్వాలి. ఎలక్ట్రిక్ కారులో ఆంప్ నడిచేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీద. ఆరెంజ్ రంగు కేబుళ్లు కనిపిస్తే చెయ్యి పెట్టొద్దు, అది ప్రాణాల మీదకి తెచ్చే వోల్టేజీ. ఆ కారుకి ఎక్కడ డ్రిల్ పెట్టొచ్చో కంపెనీ సర్వీస్ సెంటర్‌నే అడగండి.

ఇన్సూరెన్స్ గురించి కూడా. బయట పెట్టించిన స్టీరియో, ఆంప్ లాంటివి పాలసీలో విడిగా రాయించుకోవాలి. బిల్లు తీసుకోండి, రెన్యువల్ అప్పుడు చెప్పండి.

ఇదంతా మీరే చేసుకోవాలని కాదు. షాపులో చేయించుకున్నా కార్పెట్ కప్పేముందు ఒక్క నిమిషం ఆపి, మూడు విషయాలు చూపించమనండి: పెయింట్ గీకారా, లగ్ క్రింప్ చేశారా, పాట నడుస్తుండగా మీటర్ ఎంత చూపిస్తోంది? ఆ కుర్రాడికి మీటర్ పెట్టడం రాకపోతే మీరే పెట్టి చూపించండి. ఒకసారి ఆ అంకె చూసినవాడు తర్వాత వచ్చే కార్లకీ పెయింట్ గీకుతాడు.

వచ్చే వారం ఎర్ర వైరు సంగతి: ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది పెట్టాలో ఆంప్‌ని బట్టి చూడాలా, వైరుని బట్టి చూడాలా?